గెలుపు ఓటముల గడి ఒక్కటే చూస్తే చాలదు

పిల్లలూ,

అమెరికా బేస్‌బాల్ జట్టు సెయింట్ లూయిస్ కార్డినల్స్ పాత లెక్కలు చూస్తూ మీరడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. 1968లో 22 గెలిచి 9 ఓడిన పిచ్చర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు) బాబ్ గిబ్సన్‌ని అందరూ అంతగా ఎందుకు పొగుడుతారు, అన్నారు కదా.

బేస్‌బాల్‌లో మ్యాచ్ ఓడితే ఆ ఓటమిని ఒక పిచ్చర్ ఖాతాలో రాస్తారు. తనవాళ్లు ఒక్క పరుగూ కొట్టకపోయినా సరే, అది అతని ఖాతాకే పోతుంది. సెప్టెంబర్ 17న శాన్ ఫ్రాన్సిస్కోలో అదే జరిగింది. గిబ్సన్ ఇచ్చింది ఒకే ఒక్క పరుగు, మొదటి ఇన్నింగ్స్‌లో రాన్ హంట్ కొట్టిన హోమ్ రన్ (మన సిక్సర్‌లా బంతిని బయటికి కొట్టడం). కానీ అవతల జెయింట్స్ పిచ్చర్ గేలార్డ్ పెర్రీ కార్డినల్స్‌కి ఒక్క హిట్ (బంతి కొట్టి అవుట్ కాకుండా బేస్ చేరడం) కూడా ఇవ్వలేదు. 1-0. గిబ్సన్ ఖాతాలో ఇంకో ఓటమి! మర్నాడు అదే మైదానంలో కార్డినల్స్ పిచ్చర్ రే వాష్‌బర్న్ జెయింట్స్‌కి ఒక్క హిట్ ఇవ్వకుండా బదులు తీర్చుకున్నాడనుకోండి, అది వేరే ముచ్చట.

అందుకే ఈఆర్ఏ (ఎర్న్‌డ్ రన్ యావరేజ్, పిచ్చర్ ఇచ్చిన పరుగుల సగటు) చూడాలి. అది ఎంత తక్కువైతే అంత మంచిది. ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చిన పరుగులు తీసేసి, మిగిలినవాటిని 9తో గుణించి, పిచ్చర్ వేసిన ఇన్నింగ్స్‌తో భాగిస్తే వచ్చేదే ఈఆర్ఏ. మ్యాచ్‌కి 9 ఇన్నింగ్స్ కాబట్టి ఆ 9. గిబ్సన్ ఆ ఏడాది వేసిన ఇన్నింగ్స్ 304.2 అని ఉంటుంది. ఆ చుక్క తర్వాతి 2 దశాంశం కాదు, రెండు అవుట్లు. మన క్రికెట్‌లో 19.2 ఓవర్లు అంటామే, అలాగన్నమాట. ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు కాబట్టి భాగించేటప్పుడు 304.67 అని వేసుకోండి. తప్పుల పరుగులు తీసేశాక అతని ఖాతాలో మిగిలినవి 38. కాగితం మీద మీరే చేసి చూడండి, 1.12 వస్తుంది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఏ సీజన్‌లోనూ లెక్కకు సరిపడా ఇన్నింగ్స్ వేసిన ఏ పిచ్చరూ అంత కిందికి రాలేదు.

మొదలుపెట్టిన 34 మ్యాచ్‌ల్లో 28 తనే పూర్తి చేశాడు. వాటిలో 13 మ్యాచ్‌ల్లో ఎదుటివాళ్లకు సున్నా. జూన్‌లో అయితే వరుసగా 5! ఏడాది చివర్లో ఛాంపియన్ జట్టును తేల్చే వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో 17 సార్లు డెట్రాయిట్ టైగర్స్ బ్యాటర్లను స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) చేశాడు, అది ఇప్పటికీ రికార్డే.

ఆ ఏడాది అతనొక్కడే కాదు, పిచ్చర్లందరూ బ్యాటర్లను ఏడిపించారు. రెండు ప్రధాన లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో అందరికంటే మెరుగైన బ్యాటింగ్ సగటు .301 మాత్రమే, అంటే వెయ్యి ప్రయత్నాలకు 301 హిట్లు. దాంతో పెద్దలు 1969లో పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు, స్ట్రైక్ జోన్‌నూ (బంతి అందులోంచి వెళ్తే బ్యాటర్ కొట్టకపోయినా స్ట్రైక్ అని లెక్కించే ప్రాంతం) కుదించారు. పిచ్చర్ల లెక్కలు చూసేటప్పుడు ఏ ఏడాదివో ముందు చూడమని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

దిబ్బ ఎత్తు తగ్గాక 1969లో గిబ్సన్ ఏమయ్యాడంటారా? ఈఆర్ఏ 2.18కి పెరిగింది. గెలుపులు 20. స్ట్రైకౌట్లు మాత్రం 269, ముందటేడు కంటే ఒకటి ఎక్కువే.

ప్రేమతో,
తాతయ్య