టికెట్ ధర, గ్యాలరీలో జనం: ఒక పాత తగువు

టికెట్ పెంచకపోతే క్లబ్ నడవదని ఒకరు, పెంచితే వచ్చే నలుగురూ రారని ఇంకొకరు. చిన్న క్లబ్బుల కమిటీ మీటింగుల్లో సీజన్ మొదలయ్యే ముందు నడిచే వాదన ఇది. ఆటస్థలం చుట్టూ కంచె వేసి గేటు పెట్టిన రోజుల నుంచీ ఈ తగువు ఉంది.

1862లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో విలియం కామెయర్ తన స్థలం చుట్టూ కంచె కట్టి, లోపల బేస్‌బాల్ ఆడించి, మనిషికి 10 సెంట్లు తీసుకున్నాడు. 1876లో నేషనల్ లీగ్ అనే బేస్‌బాల్ లీగ్ పుట్టాక టికెట్ 50 సెంట్లకు చేరింది. డబ్బు ఒక్కటే కారణం కాదు, ‘మర్యాదస్తులు’ మాత్రమే రావాలన్న ఆలోచన కూడా అందులో ఉంది. 1882లో అమెరికన్ అసోసియేషన్ అనే మరో లీగ్ పోటీగా దిగింది. టికెట్ 25 సెంట్లే, పైగా ఆదివారం కూడా ఆటలు. వారమంతా పనిచేసి ఆదివారం ఒక్కటే సెలవు దొరికే కార్మికుడికి అప్పుడు గేటు తెరుచుకుంది. ధరతో పాటు ఆట ఏ రోజు, ఏ వేళ అన్నది కూడా జనాన్ని తెస్తుందని ఆనాడే తేలింది.

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ లీగ్ 1890లో పెద్ద మగవాళ్లకు కనీస టికెట్ 6 పెన్నీలని నిర్ణయించింది. ఆడవాళ్లకు, పిల్లలకు ఆ నియమం లేదు. అంతకు ముందు, 1885లో ప్రెస్టన్ నార్త్ ఎండ్ అనే క్లబ్ ఆడవాళ్లకు ప్రవేశం ఉచితమంటే ఒక మ్యాచ్‌కు దాదాపు 2,000 మంది ఆడవాళ్లు వచ్చారు. ఎవరికి ఎంత ధర పెడితే గ్యాలరీలో ఆ మనుషులే కనిపిస్తారు. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు విషయం ఇదే.

పెద్ద మలుపు 1989లో వచ్చింది. ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ స్టేడియంలో తొక్కిసలాట 97 మంది ప్రాణాలు తీసింది. విచారణ జరిపిన జస్టిస్ టేలర్ పెద్ద స్టేడియాల్లో నిలబడి చూసే గ్యాలరీలు తీసేసి సీట్లు వేయమన్నారు. సీట్ల పేరుతో ధరలు అందరాని ఎత్తుకు పోనక్కర్లేదని కూడా రాశారు. సీట్లు వచ్చాయి, రెండో మాట గాలికి పోయింది. 1992లో ప్రీమియర్ లీగ్ మొదలయ్యాక ధరలు పైకే వెళ్లాయి. అయినా పెద్ద క్లబ్బుల స్టేడియాలు నిండుతూనే వచ్చాయి. దీన్ని చూసి ధరకూ జనానికీ సంబంధం లేదనుకుంటే పొరపాటే. అక్కడ సీట్ల కోసం వెయిటింగ్ లిస్టులు ఉంటాయి, ఒకరు మానేస్తే ఇంకొకరు కూర్చుంటారు. సగం సీట్లు ఖాళీగా ఉండే స్థానిక క్లబ్బుకు ఆ వీలు లేదు.

ఆర్థికవేత్తల లెక్కలు కూడా కమిటీలను తొందరపెడతాయి. ధర పదో వంతు పెంచితే జనం తగ్గేది అంతకంటే తక్కువేనని చాలా అధ్యయనాల్లో తేలింది. అంటే ఆ సీజన్ గేటు వసూళ్లు పెరుగుతాయి. కానీ కౌంటర్ ముందు నిలబడ్డ ఒక తండ్రిని చూడండి. వెంట ఇద్దరు పిల్లలు. పిల్లలకు రాయితీ లేకపోతే, పెంచిన మొత్తం ఆయనకు ఒకసారి కాదు, మూడుసార్లు పడుతుంది. ఆయన గొడవ పెట్టుకోడు. వచ్చే వారం రాడు, అంతే. పదేళ్ల తర్వాత సొంతంగా టికెట్ కొనాల్సిన ఆ ఇద్దరు పిల్లలకు మైదానానికి వెళ్లే అలవాటే ఉండదు. ఈ నష్టం ఏ సీజన్ లెక్కల్లోనూ కనబడదు.

అభిమానులు నోరు విప్పిన సందర్భాలూ ఉన్నాయి. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ 77 పౌండ్ల టికెట్ ప్రకటిస్తే, మ్యాచ్ 77వ నిమిషంలో వేలమంది లేచి వెళ్లిపోయారు. యాజమాన్యం క్షమాపణ చెప్పి ఆ ధరను వెనక్కి తీసుకుంది.

ఇక పూర్తిగా ఉచితం సంగతి. జర్మనీలో ఫార్చునా డ్యూసెల్‌డార్ఫ్ అనే ఫుట్‌బాల్ క్లబ్ 2023-24 సీజన్‌లో స్పాన్సర్ల డబ్బుతో కొన్ని మ్యాచ్‌లు ఉచితంగా చూపిస్తే, స్టేడియంలో పట్టే దానికంటే చాలా ఎక్కువ మంది టికెట్లు అడిగారు. అలాంటి స్పాన్సర్ చిన్న క్లబ్బుకు దొరకడం కష్టం. పైగా చేతి డబ్బు పెట్టని టికెట్‌ను చినుకు పడితే ఇంట్లోనే వదిలేసేవాళ్లూ ఉంటారు.

అందుకే నాకు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ బ్రాడ్‌ఫర్డ్ సిటీ చేసిన పని నచ్చుతుంది. 2007లో ఆ క్లబ్ నాలుగో డివిజన్‌కు పడిపోయింది. స్టేడియంలో దాదాపు 25,000 సీట్లు. ధర పెంచి నష్టం పూడ్చుకోవాలని ఎవరికైనా అనిపించే సమయం. వాళ్లు సీజన్ టికెట్‌ను 138 పౌండ్లకు అమ్మారు. సొంత మైదానంలో 23 లీగ్ మ్యాచ్‌లు, అంటే మ్యాచ్‌కు 6 పౌండ్లు. డబ్బు సీజన్‌కు ముందే క్లబ్ చేతికి వచ్చింది. టికెట్ కొన్నవాళ్లకూ అది ఊరికే వచ్చింది కాదు. ఆ ఏడాది జట్టు గొప్పగా ఏమీ ఆడలేదు, 10వ స్థానంలో ఆగిపోయింది. గ్యాలరీకి మాత్రం మ్యాచ్‌కు సగటున 13,000 మందికి పైగా వచ్చారు.