"ఇది కీమో కాదంట కదా సార్?" కొత్త క్యాన్సర్ ఇంజెక్షన్లపై అపోహలు - వాస్తవాలు

కర్నూల్లో ఒక క్యాన్సర్ డే కేర్ వార్డుకి మందులు కలిపి పంపే ఫార్మసిస్ట్‌ని నేను. ఆదోని, నంద్యాల, ఎమ్మిగనూరు వైపు నుంచి పొద్దున బస్సుకి వచ్చి, మందు ఎక్కించుకుని, సాయంత్రానికి ఊరు చేరేవాళ్లే మా దగ్గర ఎక్కువ. రొమ్ము క్యాన్సర్‌కి ట్రాస్టుజుమాబ్ ఎమ్టాన్సిన్, ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ అనే మందులు వచ్చాక కౌంటర్ దగ్గర రోజూ వినే మాటలివి.

అపోహ: "క్యాన్సర్ కణాన్నే వెతికి కొడుతుంది, ఒంటికి ఏం కాదు."

సగమే నిజం. ఈ మందులో మూడు భాగాలుంటాయి. కణం మీదుండే హెర్2 అనే గుర్తును పట్టుకునే యాంటీబాడీ, దానికి తగిలించిన కీమో మందు, రెండిటినీ కలిపి ఉంచే లింకర్. గుర్తు దొరికాక కణం ఈ మొత్తాన్నీ లోపలికి లాక్కుంటుంది, కీమో అక్కడ విడిపోతుంది. అయితే కొంత మందు రక్తంలో ఉండగానే విడిపోతుంది. హెర్2 మంచి కణాల మీద కూడా కొద్దోగొప్పో ఉంటుంది. డెరుక్స్‌టెకాన్ సంగతైతే ఇంకొంచెం వేరు. దానిలోని కీమో, చచ్చిన కణంలోంచి బయటికొచ్చి పక్క కణాల్నీ చంపుతుంది. ఆ పక్కనున్నది గుర్తు సరిగా లేని క్యాన్సర్ కణమైతే మనకు లాభమే.

గ్లౌజులు, గౌను వేసుకుని, మందు మా మీద పడకుండా కాపాడే అద్దాల క్యాబినెట్ లోపలే దీన్ని కలుపుతాం. ఒంటికి ఏమీ చేయనిదైతే మాకెందుకీ తంటా?

ఎమ్టాన్సిన్‌తో ప్లేట్‌లెట్లు తగ్గొచ్చు, లివర్ ఎంజైములు పెరగొచ్చు. డెరుక్స్‌టెకాన్‌తో వికారం, వాంతులు, తెల్లకణాలు తగ్గడం, కొందరికి జుట్టు ఊడడం. గుండె పంపింగ్ చూడ్డానికి రెండిటికీ ఎకో తీయిస్తారు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే మాత్రలతో సర్దుకోకుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

అపోహ: "కొంచెం దగ్గే కదా, చలిగాలికి వచ్చుంటుంది."

ఈ మాట వింటేనే నాకు టెన్షన్. డెరుక్స్‌టెకాన్ కొందరికి ఊపిరితిత్తుల్లో వాపు తెస్తుంది, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. మొదట్లో కనపడేది పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం, అప్పుడప్పుడు జ్వరం, అంతే. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సిరప్ తెచ్చుకుని, వచ్చే డోసుకి చెబుదాంలే అని మూడు వారాలు ఆగేవాళ్లున్నారు. ఆగొద్దు. అదే రోజు ఫోన్ చేస్తే డాక్టరు మందు ఆపి, సీటీ స్కాన్ తీయించి, అవసరమైతే స్టెరాయిడ్ మొదలుపెడతారు. దగ్గు ఏమీ లేకపోయినా మధ్యమధ్యలో స్కాన్ రాస్తారు. "బాగానే ఉన్నా కదా" అని దాన్ని ఎగ్గొట్టకండి.

అపోహ: "ప్లేట్‌లెట్లు తగ్గితే బొప్పాయి ఆకు రసం తాగితే సరి."

వద్దు. ఎమ్టాన్సిన్ ఇప్పటికే లివర్ మీద భారం వేస్తోంది, దానికి తోడు తెలియని పసర్లు పోస్తే రిపోర్టులో తేడా దేనివల్ల వచ్చిందో ఎవరికీ అర్థం కాదు. కౌంట్ తగ్గితే డోసు వాయిదా వేయాలా, తగ్గించాలా అన్నది డాక్టరు చూసుకుంటారు.

అపోహ: "అన్నిట్లోనూ ట్రాస్టుజుమాబ్ అనే ఉంది, అన్నీ ఒకటే."

ఒకదాని బదులు ఇంకొకటి ఎక్కించడం ప్రమాదం. ఉత్త ట్రాస్టుజుమాబ్‌లో కీమో ఉండదు. మూడు వారాలకోసారి ఇచ్చే పద్ధతిలో దాని మొదటి డోసు కిలోకి 8 మి.గ్రా., తర్వాత 6. రొమ్ము క్యాన్సర్‌లో ఎమ్టాన్సిన్ కిలోకి 3.6, డెరుక్స్‌టెకాన్ 5.4. కలిపే ద్రవాలూ వేరే. డెరుక్స్‌టెకాన్‌కి 5 శాతం డెక్స్‌ట్రోజ్ మాత్రమే వాడాలి, ఉప్పు సెలైన్ పనికిరాదు. ఎమ్టాన్సిన్‌కి సరిగ్గా తిరగేసి, డెక్స్‌ట్రోజ్ అసలు కుదరదు. డెరుక్స్‌టెకాన్ పొడి ఉన్న 100 మి.గ్రా. వయల్‌లో 5 మి.లీ. స్టెరైల్ నీళ్లు పోసి మెల్లగా తిప్పుతాం, ఊపం. వెలుగు తగలకుండా బ్యాగుకి కవరు తొడుగుతాం. 55 కిలోల మనిషికి 297 మి.గ్రా., అంటే మూడు వయల్స్. మూడు కిలోలు పెరిగితే 313 మి.గ్రా. అవుతుంది. వచ్చిన ప్రతిసారీ తూకం ఎందుకని విసుక్కోకండి. ఫైల్లోనూ, బ్యాగు లేబుల్ మీదా పూర్తి పేరు ఉందో లేదో మీరూ చూసుకోండి, మేమేమీ అనుకోం.

అపోహ: "ఖరీదైనది కాబట్టి దీంతో పూర్తిగా నయమవుతుంది."

ధరకీ నయానికీ సంబంధం లేదు. ఆపరేషన్‌కి ముందు మందులు వాడినా గడ్డ కొంత మిగిలితే, జబ్బు తిరగబెట్టకుండా ఎమ్టాన్సిన్ 14 డోసులు ఇస్తారు. వేరే అవయవాలకి పాకిన జబ్బులో మాత్రం సాధారణంగా అదుపులో పెట్టడానికే వాడతారు. ధర మాటకొస్తే, 2024 జూలై బడ్జెట్‌లో డెరుక్స్‌టెకాన్ మీద కస్టమ్స్ సుంకం ఎత్తేశారు. ఎమ్టాన్సిన్‌కి మన దేశంలోనే తయారైన బయోసిమిలర్ (అసలు మందుకి దాదాపు సమానంగా పనిచేసేలా చేసిన రకం) ఉంది, డాక్టర్ని అడగండి.

అపోహ: "హెర్2 నెగెటివ్ అన్నారు, మాకిది పనికిరాదు."

పాత లెక్కలో అంతే. హెర్2 పరీక్షలో 0, 1+, 2+, 3+ అని రాస్తారు. 2+ వస్తే ఫిష్ అనే ఇంకో పరీక్ష చేస్తారు. 1+ వచ్చినా, 2+ వచ్చి ఫిష్ నెగెటివ్ అయినా ఇదివరకు నెగెటివ్ కిందే కట్టేసేవాళ్లు. ఇప్పుడు వీటిని "హెర్2-లో" (low, అంటే తక్కువ) అంటున్నారు. జబ్బు పాకి, ముందు కీమో తీసుకున్న ఇలాంటివాళ్లకి డెరుక్స్‌టెకాన్ వాడేందుకు అమెరికాలో 2022 ఆగస్టులో అనుమతి వచ్చింది. పక్క కణాల్నీ చంపుతుందని పైన చెప్పానే, ఇక్కడ అదే అక్కరకొస్తోంది.

కాబట్టి "నెగెటివ్" అన్న ఒక్క ముక్క చాలదు, పక్కనున్న అంకె కావాలి. హైదరాబాద్‌కో బెంగళూరుకో రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు చాలామంది స్కాన్ ఫిల్ములు మోసుకెళ్తారు, బయాప్సీ బ్లాకు (గడ్డ నుంచి తీసిన ముక్కని మైనంలో పెట్టి దాచినది) మాత్రం ల్యాబులోనే ఉండిపోతుంది. అక్కడ మళ్లీ పరీక్ష చేయాలంటే ఆ మైనం బ్లాకే కావాలి. బయల్దేరే ముందే ల్యాబులో అడిగి, సంతకం పెట్టి తీసుకోండి.