పాలో డ్యూరో కాన్యన్: ప్రతి ట్రిప్‌లో నేను వినే అపోహలు, అసలు సంగతులు

డాలస్ నుంచి మనవాళ్లని టెక్సాస్‌లోనే అమరిల్లో దగ్గరున్న పెద్ద ఎర్రరాళ్ల లోయ, పాలో డ్యూరో కాన్యన్ స్టేట్ పార్క్‌కి హైకింగ్‌కి తీసుకెళ్తుంటా. ప్రతిసారీ కార్లో అవే మాటలు, అందుకే రాస్తున్నా.

అపోహ: "రెంటచింతల ఎండలు చూసినవాళ్లం, టెక్సాస్ ఎండ మాకో లెక్కా?"

వాస్తవం: నాకు అన్నిటికంటే భయం వేసేది ఈ మాటకే. అక్కడ మన కోస్తా ఉక్కపోత ఉండదు, చెమట పట్టింది పట్టినట్టే గాలికి ఆరిపోతుంది, ఒంట్లో నీళ్లు ఎంత పోయాయో తెలిసేసరికి తల తిరుగుతుంటుంది. పైన అంచు మీద గాలి బాగుందని దిగుతారు, కింద ఎర్ర గోడల మధ్య ఇంకా వేడి. పార్క్‌లో వడదెబ్బ కేసులు ఎక్కువగా లైట్‌హౌస్ అనే పెద్ద రాతి స్తంభం దాకా వెళ్లే లైట్‌హౌస్ ట్రెయిల్ మీదే, మనుషులకే కాదు వెంట తెచ్చిన కుక్కలకి కూడా. రానూపోనూ దాదాపు 6 మైళ్లు, నీడ తక్కువ. ఒక్కొక్కరికి గంటకి లీటరు లెక్కన నీళ్లు మోసుకెళ్లాల్సిందే, ఆ నీళ్లు సగం అయిపోకముందే వెనక్కి తిరగాలి, ఎందుకంటే తిరిగొచ్చేటప్పటికి ఎండ ముదురుతుంది. లైట్‌హౌస్ రాయి కనిపిస్తోంది, ఇంకాస్తే కదా అని ముందుకెళ్లొద్దు, ప్లీజ్.

అపోహ: ఎండిపోయిన చోట వరదేంటి?

వాస్తవం: కింద పారేది రెడ్ రివర్ పాయ, ప్రైరీ డాగ్ టౌన్ ఫోర్క్. మామూలు రోజుల్లో పిల్లకాలువలా ఉంటుంది. కానీ మన నెత్తిన చినుకు పడకపోయినా, పైన ఎక్కడో మైదానంలో గట్టి వాన పడితే చాలు, బురదనీళ్లు ఒక్కసారిగా వచ్చేస్తాయి. మబ్బు పట్టిన రోజు పిల్లల్ని ఏట్లోకి దింపకండి.

అపోహ: ఇంత చిన్న ఏరు ఇంత లోయ తవ్విందా, భూకంపమే అయ్యుంటుంది.

వాస్తవం: తవ్వింది ఆ ఏరే! దాదాపు 120 మైళ్ల పొడవు, కొన్ని చోట్ల 800 అడుగుల లోతు. అడుగునున్న ఎర్రరాళ్లు 25 కోట్ల ఏళ్ల నాటివి, లోయ తెగడం మాత్రం గత 10 లక్షల ఏళ్లలోపే. గండికోటలో పెన్నని చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

ఇంకోటి, వాన పడ్డాక ట్రెయిల్స్ మూసేస్తే "బోర్డే కదా" అని దాటేస్తారు. అది ఎర్ర బంకమట్టి, తడిమీద నడిస్తే షూకి ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది, మన అడుగులు గుంతలై అలాగే గట్టిపడిపోతాయి. ఒక్కరోజు ఆగండి, ఆ ఎండకి ఊరికే ఆరిపోతుంది.