ఎవరీ బుచ్చిబాబు?

ఆగస్టు వచ్చిందంటే స్పోర్ట్స్ పేజీలో ‘బుచ్చిబాబు టోర్నీ’ అని ఒక క్రికెట్ టోర్నీ పేరు కనబడుతుంది. 2024లో ఆ కప్పు హైదరాబాద్ జట్టే గెలిచింది. గోదావరి జిల్లాల్లో వీధికొకరికి ఉండే ముద్దుపేరులా ఉంది కానీ, ఈ బుచ్చిబాబు అచ్చంగా మద్రాసు తెలుగువాడు.

అసలు పేరు మోతవరపు వెంకట మహీపతి నాయుడు. 1868లో పుట్టారు. మైలాపూర్ లజ్‌లో ఉండే బాగా కలిగిన కుటుంబం. అప్పట్లో చెపాక్ మైదానం మద్రాస్ క్రికెట్ క్లబ్బుది, అంటే దొరలది. ఆటకి వచ్చిన మనవాళ్లకి పెవిలియన్‌లో చోటు లేదు. తిన్నా, కూర్చున్నా చెట్ల కిందే. బుచ్చిబాబు ఇరవై ఏళ్ల వయసులో, 1888లో, మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టారు. కుర్రాళ్లకి బ్యాట్లు, బంతులు, డ్రెస్సులు అన్నీ సొంత డబ్బుతోనే.

అంతటితో ఊరుకోలేదు. దొరల జట్టుతో మనవాళ్ల జట్టు సమానంగా ఆడాలని పట్టుబట్టి ఒప్పించారు. తీరా 1908 డిసెంబరులో, ఆ మ్యాచ్ ఇంక రేపోమాపో అనగా, కన్నుమూశారు. మ్యాచ్ మాత్రం జరిగింది. తర్వాత అదే సంక్రాంతికి ఆడే ‘పొంగల్ మ్యాచ్’ అయి 1952 దాకా నడిచింది. ఆయన పేరు మీద టోర్నీ 1909లోనే మొదలైంది.

కొడుకులూ ఆటగాళ్లే. బాలయ్య, వెంకటరామానుజుల పేర్ల ముందు ‘ఎం’ ఉంటే, రామస్వామికి మాత్రం ‘సి’. ఇంగ్లిష్ స్కోర్‌కార్డు చూసేవాళ్లకి తికమకే. మనకి విడమరిచి చెప్పక్కర్లేదు: అమ్మ తరఫు తాతగారికి దత్తత వెళ్లి ‘కోట’ (Cotah) వారయ్యారు. 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడారు. 1936లో, నలభై దాటాక, మాంచెస్టర్‌లో తన తొలి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేశారు. నలభై దాటితే మనం మోకాళ్ల గురించి మాట్లాడుకుంటాం! 1985 అక్టోబరులో ఒకరోజు ఇంట్లోంచి బయటికెళ్లిన ఆయన మళ్లీ తిరిగి రాలేదు.

కొన్నేళ్లు ఆగిపోయిన టోర్నీ 2023లో మళ్లీ మొదలైంది. రంజీ జట్లకి ఇప్పుడిది సీజన్ ముందు ప్రాక్టీసు. 2024లో మ్యాచ్‌లు కోయంబత్తూరు, సేలం, తిరునల్వేలి, నత్తంలలో పెట్టారు. బుచ్చిబాబు పేరిట జరిగే ఆట చూడాలంటే ఆ ఏడాది మైలాపూర్‌వాళ్లు కూడా రైలెక్కాల్సి వచ్చింది.