అమెరికా నల్లజాతి యువకులు, లాయర్ వృత్తి: ఒక గడప దాటితే ఇంకో గడప

అమెరికాలో లాయర్ కావాలంటే సాధారణంగా ముందు నాలుగేళ్ల డిగ్రీ, ఎల్‌శాట్ ప్రవేశ పరీక్ష, ఆ తర్వాత మూడేళ్ల లా స్కూలు. అక్కడితో అయిపోదు. లాయర్ లైసెన్సు కోసం రాష్ట్రం పెట్టే బార్ పరీక్ష పాసవ్వాలి, పాత కేసులు, ప్రవర్తన ఆరా తీసే నడవడిక విచారణలో నెగ్గాలి. నల్లజాతి కుర్రాళ్లు మధ్యలో ఆగిపోతున్నది చదువు మీద ఆసక్తి లేక కాదు. ఒక గడప దాటగానే మరోటి ఎదురవుతూ వచ్చింది.

నల్లజాతి లాయర్ మేకన్ బోలింగ్ అలెన్ 1844లోనే మెయిన్ రాష్ట్రంలో లైసెన్సు తీసుకున్నారు. 1869లో నల్లవారి చదువులకు పేరున్న హోవర్డ్ యూనివర్సిటీలో లా స్కూలు వచ్చింది. అయినా దేశవ్యాప్త లాయర్ల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ తన సభ్యత్వానికి జాతితో పనిలేదని తీర్మానించింది 1943లోనే. అప్పటికే నల్లజాతి లాయర్లు 1925లో తమ సొంత సంఘం, నేషనల్ బార్ అసోసియేషన్ పెట్టుకున్నారు.

ఈ చరిత్రలో నిలిచి చూడాల్సిన కేసు హీమన్ స్వెట్‌ది. టెక్సస్‌లో ఉత్తరాలు పంచే ఉద్యోగి ఆయన. 1946లో టెక్సస్ యూనివర్సిటీ లా స్కూలుకు దరఖాస్తు పెట్టారు. చేర్చుకోవడం ఇష్టంలేక రాష్ట్రం నల్లవారికోసం వేరే లా స్కూలు పెట్టింది. యూనివర్సిటీలో 850 మంది విద్యార్థులు, 65,000 పుస్తకాలు. కొత్తదానిలో 23 మంది, 16,500 పుస్తకాలు. నల్లజాతి లాయర్ థర్‌గుడ్ మార్షల్ వాదించిన ఈ కేసులో సుప్రీంకోర్టు 1950లో లెక్కలకు మించిన మాట ఒకటి చెప్పింది: రేపు స్వెట్ ఎదుర్కోవాల్సిన జడ్జీలు, జూరర్లు, సాక్షులు, తోటి లాయర్లలో ఎక్కువమంది ఏ వర్గాలవారో, ఆ వర్గాలకే చోటు లేని బడి ఈ కొత్తది. లాయర్‌కు పరిచయాలే సగం పెట్టుబడి. ఆ లోటు నేటికీ తీరలేదు. గెలిచిన స్వెట్ కూడా యూనివర్సిటీలో చేరి, పట్టా అందకుండానే వెనుదిరిగారు.

సౌత్ కరోలినాలో మరో తీరు. తెల్లవారినే చేర్చుకునే అక్కడి యూనివర్సిటీలో లా చదివినవారికి బార్ పరీక్ష లేకుండానే లైసెన్సు ఇచ్చేవారు. 1947లో నల్లవారి లా స్కూలు తెరిచారు. అక్కడి విద్యార్థులు పట్టాలతో బయటికొచ్చే వేళకు ఆ వెసులుబాటు ఎత్తేసి అందరికీ పరీక్ష పెట్టారు.

ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని 2023లో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక, హార్వర్డ్ లా స్కూలు మొదటి ఏడాదిలో నల్లజాతి విద్యార్థులు 2024లో 43 నుంచి 19కి పడిపోయారు. దేశమంతటా చూస్తే లా చదివే నల్లజాతివారిలో దాదాపు ముగ్గురిలో ఇద్దరు ఆడపిల్లలే. మగపిల్లల లోటు విడిగా పట్టించుకోవాల్సిన సంగతి.

వాళ్లకు మరీ బరువైన గడప నడవడిక విచారణ. పోలీసులు ఎక్కువగా ఆపేది నల్లజాతి కుర్రాళ్లనే. శిక్ష పడకపోయినా అరెస్టు వివరాలు అడిగే దరఖాస్తులున్నాయి. అరెస్టయినంత మాత్రాన తప్పు చేసినట్టు కాదని సుప్రీంకోర్టు 1957లోనే, ష్వేర్ కేసులో చెప్పింది. అయినా కాగితాలు మాత్రం కుర్రాడే తేవాలి. పదహారేళ్లకు చేసిన నేరానికి జైలుకెళ్లిన డ్వేన్ బెట్స్ యేల్‌లో లా చదివి, బార్ పరీక్ష పాసైనా, 2017లో కనెటికట్ రాష్ట్రపు లైసెన్సు కమిటీ ఆయన్ను మొదట ఆపింది; అదే ఏడాదిలో ఆ తర్వాత ఒప్పుకుంది.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే: లా స్కూలు దరఖాస్తులో రాయని పాత కేసు బార్ దరఖాస్తులో బయటపడుతుంది. అప్పుడు కేసుకన్నా దాచడమే పెద్ద తప్పవుతుంది. అందుకే లా స్కూలుకు దరఖాస్తు పెట్టకముందే కోర్టు నుంచి, పోలీసు శాఖ నుంచి రికార్డుల నకళ్లు తెప్పించుకుని, రెండుచోట్లా ఒకే వివరం, ఒకే తేదీ రాయాలి. కొట్టేసిన కేసునూ, సీలు వేసిన (కోర్టు బయటికి కనిపించకుండా మూసిన) రికార్డునూ చెప్పాలా వద్దా అన్నది రాష్ట్రాన్ని బట్టి, ప్రశ్న అడిగిన తీరును బట్టి మారుతుంది. ఆ ప్రశ్నను మొదటి ఏడాదిలోనే పక్కన కూర్చుని చదివి చెప్పే సీనియర్ లాయర్ ఈ పిల్లలకు దొరకాలి.