మావయ్య కాలి ఎముక దవడలో ఎలా బతికింది?

పిల్లలూ,

మొన్న ఫోన్లో చిన్నది అడిగింది, "తాతయ్యా, మావయ్య కాలి ఎముక తీసి దవడకు పెట్టారంట కదా, మరి మావయ్య ఎలా నడుస్తాడు?" అని. వాళ్లమ్మ కసురుకుంది గానీ నాకు ఆ ప్రశ్న నచ్చింది, అందుకే మీ అందరికీ కలిపి రాస్తున్నా.

మీ మావయ్యకు వచ్చిన గడ్డ పేరు అమీలోబ్లాస్టోమా. కేన్సర్ కాదు, కానీ దవడ ఎముకను లోపల్నుంచే తినేస్తుంది, ఊరికే గోకి తీస్తే చాలాసార్లు మళ్లీ వస్తుంది. అందుకని చుట్టూ ఉన్న మంచి ఎముక కూడా కొంత కలిపి కోసేశారు. ఆ ఖాళీలోకి కాలి ఎముక వచ్చింది.

మా చిన్నప్పుడు గేదెల కొట్టం కట్టాలంటే జామచెట్టు అడ్డమొచ్చింది. నాన్న దాన్ని నరకలేదు. వేళ్ల చుట్టూ మట్టి చెదరకుండా తవ్వి, తడి గోనెపట్టా చుట్టి, నలుగురి చేత మోయించి పెరట్లో నాటించాడు. నీళ్లు పోయడం నా వంతు, పోసేది తక్కువ, ఒలకబోసేది ఎక్కువ. పొద్దున లేవగానే ఆకు వాడిందేమోనని చూసేవాడు నాన్న.

డాక్టర్లు చేసింది కూడా అదే. ఒట్టి ఎముక కాదు, దాని రక్తనాళాలు, కాస్త చర్మం కూడా కలిపి తెచ్చారు. ఎముకను అక్కడక్కడ కోసి దవడ వంపు తెచ్చి, టైటానియం ప్లేట్లతో బిగించి, ఆ నాళాలను మెడలోని నాళాలకు మైక్రోస్కోప్ కింద వెంట్రుక కన్నా సన్నటి దారంతో కుట్టారు. దవడకు ఈ ఎముక వాడొచ్చని 1989లో న్యూయార్క్‌లో హిడాల్గో అనే డాక్టర్ చూపించాడు. ఆపరేషన్ అయ్యాక నర్సమ్మ గంట గంటకూ మావయ్య నోట్లో ఆ చర్మం రంగు చూసేది, మా నాన్న ఆకు చూసినట్టే. నాకు టెన్షన్‌తో నిద్ర లేదు.

పళ్లు వెంటనే పెట్టలేదు. జామచెట్టు కుదురుకునేదాకా నాన్న ఉయ్యాల కట్టనిచ్చాడా? కొన్ని నెలలాగి, ఎముక అతుక్కున్నాక పళ్లు నిలబెట్టడానికి అందులోకి టైటానియం స్క్రూలు దించారు. ఎముక ఈ లోహాన్ని తనలో కలిపేసుకుంటుందని స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే డాక్టర్ 1952లో కనిపెట్టాడు, కుందేలు కాల్లో పెట్టిన టైటానియం పరికరం మళ్లీ ఊడిరాకపోతే. లోహం ఎముకకు చుట్టమవడమేంటో, ఎంత చదివినా నాకు వింతే.

ఇంకోటి. మావయ్య గడ్డకు గుట్కాతో సంబంధం లేదు. కానీ మన దేశంలో గుట్కా, ఖైనీ నమిలి నోటి కేన్సర్‌తో దవడ పోగొట్టుకునేవాళ్లు చాలామంది. ఎవరైనా "రుచి చూడరా" అని ప్యాకెట్ చాపితే అక్కణ్ణుంచి వచ్చెయ్యండి, మర్యాద గురించి తర్వాత చూసుకుందాం.

నడక సంగతా? మోకాలి కింద రెండు ఎముకలు, బరువంతా దాదాపు లావుదే మోస్తుంది. సన్నదాని పేరు ఫిబులా. చీలమండ బయటివైపు బుడిపె తడిమి చూడండి, అది దాని కింది కొస. మోకాలి కింద బయటివైపు ఇంకో బుడిపె, అది పై కొస. మధ్యది కండలో దాక్కుని సరిగా చేతికందదు, మావయ్యకు తీసింది అందులోంచే. రెండు కొసలూ ఆయనకు అలాగే ఉన్నాయి. ఆదివారం వచ్చినప్పుడు అడగండి, లుంగీ పైకెత్తి మచ్చ కూడా చూపిస్తాడు.

మీ తాతయ్య