పేరు రాసే పాళీ

చిరంజీవులకు ఆశీస్సులు.

పేర్లు అందంగా రాసి డబ్బు సంపాదించేవాళ్లు ఉండేవారా అని అడిగారు కదా, ఉండేవారు. 19వ శతాబ్దపు అమెరికాలో మర్యాదస్తులు ఎవరింటికైనా వెళ్తే పేరున్న చిన్న కార్డు లోపలికి పంపేవారు. ఇంట్లోవాళ్లు లేకపోతే దాన్ని వదిలి వచ్చేవారు. స్వయంగా వచ్చి వెళ్లామని తెలియడానికి ఒక మూల మడిచేవారు. మామూలుగా కార్డు మీద పేరు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. అందుకే ఆ పేరు మీద అంత శ్రద్ధ.

అచ్చు కార్డులూ ఉండేవి. కానీ చేత్తో రాసేవాళ్ల దగ్గర డజన్ల లెక్కన రాయించుకునేవారూ ఉన్నారు. లూయిస్ మాదరాస్ అనే ఆయనకు ఈ పనిలో గొప్ప పేరు, 1910లో పోయాడు. వీళ్లు రాసిన వాలు రాతకు మూలం ప్లాట్ రోజర్స్ స్పెన్సర్ (1800–1864) అనే రాత గురువు దస్తూరి. గులకరాళ్లలో, అలల్లో కనిపించే వంపులు చూసి అక్షరాలు దిద్దుకున్నాడని చెబుతారు. 1886 నాటి కోకాకోలా పేరు కూడా ఆ తరహా రాతే, సీసా మీద చూడండి.

ఇక అసలు పని. ఉక్కు పాళీ మొనలో సన్నని చీలిక ఉంటుంది. కిందికి గీస్తూ నొక్కితే రెండు కొనలూ విచ్చుకుని గీత లావుగా వస్తుంది. పైకి వెళ్లేటప్పుడు ఒత్తిడి తీసేస్తే వెంట్రుకంత సన్నగా వస్తుంది. పైకి వెళ్తూ నొక్కారా, మొన కాగితంలో గుచ్చుకుని సిరా చిమ్ముతుంది. అక్షరాలు బాగా వాలి ఉంటాయి కాబట్టి, పాళీని పక్కకు తిప్పి బిగించిన కలం వాడతారు. పెద్ద అక్షరాల వంపులు వేళ్లతో కాదు, మొత్తం చేయి కదిపి ఒక్క ఊపులో తిప్పాలి. భయపడి నెమ్మదిగా గీస్తే గీత వణుకుతుంది. ఆ ధైర్యమే నాకు ఈ కళలో అన్నిటికన్నా ఇష్టం. పేరు పక్కన పక్షులూ ఈకలూ గీసేవారు కూడా ఉన్నారు, బాగుంటాయి. అయినా నా మనసు మాత్రం వట్టి పేరు మీదే.

మీరు మెత్తని పెన్సిల్‌తో మొదలుపెట్టండి. ముందు గుండ్రాలు, తర్వాత నొక్కుతూ వదులుతూ నిలువు గీతలు. చేయి కుదిరాక పాళీ, సిరా పంపిస్తాను. అప్పుడు మీ పేరు తెలుగులోనే రాయండి. మన గుండ్రాల్లో ఎక్కడ నొక్కితే బాగుంటుందో రెండు మూడు రకాలుగా రాసి చూడండి. నచ్చినవి నాకు పోస్టులో పంపండి, సిరా బాగా ఆరాకే కవర్లో పెట్టండి.

మీ తాతయ్య